కొనబోయే ఇంటిని నిపుణుడితో తనిఖీ చేయించడం ఎలా?

ఇల్లు నచ్చింది. ధర కూడా దాదాపు కుదిరింది. ఇప్పుడు ఎవరైనా నిపుణుడికి చూపించాలా, అక్కర్లేదా? చూపిస్తే ఎవరికి, ఎప్పుడు? వచ్చినవారు ఏం చూస్తారు, వారిచ్చే రిపోర్టును మనం ఏం చేసుకోవాలి? పాఠకులు ఈ ప్రశ్నలను ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉన్నారు. విడివిడిగా జవాబు చెప్పేకంటే పని మొత్తాన్ని వరుసలో పెట్టడమే మేలనిపించింది.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు. తనిఖీలో ఇల్లు పాసవడం, ఫెయిలవడం అంటూ ఉండదు. లోపం లేని ఇల్లు లేదు, నిన్ననే రంగులు ఆరిన కొత్త ఇల్లయినా సరే. ఏ లోపాన్ని మీరు భరించగలరు, దేనికి ధర తగ్గించమని అడగాలి, దేన్ని చూడగానే వెనక్కి తగ్గాలి అన్నది తేల్చుకోవడానికే ఈ ఖర్చు. ఇక రెండోది: రిపోర్టులో రాసిన లోపాలు ఎంత పెద్దవైనా అవి మీకు ముందే తెలుసు కాబట్టి లెక్క వేసుకోగలరు. కొన్నాక తల పట్టుకునేలా చేసేవి 'ఇక్కడ చూడటం వీలు కాలేదు' అని అదే రిపోర్టులో ఓ మూల రాసి ఉన్న చోట్లు. అలాంటి చోట్లను తగ్గించుకోవడం మీద దృష్టి పెట్టి ఇది చదవండి.

ఇదంతా ఇంటి కట్టడం, దాని స్థితి గురించి. యాజమాన్య హక్కులు, పత్రాల సంగతి న్యాయవాది చూడాలి. రుణం ఇచ్చే బ్యాంకు పంపిన మదింపుదారు తన అప్పుకు ఆ ఇల్లు చాలినంత విలువ చేస్తుందా అని మాత్రమే చూసి వెళ్తాడు. 'బ్యాంకు వాళ్లు చూశారు కదా' అని తనిఖీ మానుకోకండి. ఆయన స్లాబు ఎక్కడు, కుళాయి తిప్పడు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- తనిఖీకి అవకాశమిస్తూ ఒప్పందంలో రాసిన షరతు, లేదా కనీసం అమ్మేవారి లిఖితపూర్వక అంగీకారం
- ఇంటి ప్లాను, కట్టిన సంవత్సరం, తర్వాత చేసిన మార్పుల వివరాలు (గది పెంచారా, గోడ తీశారా, పైన అంతస్తు వేశారా)
- అన్ని తాళాలు: మేడ మెట్లు, స్టోరు గది, మీటరు పెట్టె, నీటి ట్యాంకు మూత, అన్నీ
- ఇంట్లో కరెంటు, నీళ్లు, గ్యాసు సరఫరా ఆ రోజు ఉండేలా హామీ
- నోటు పుస్తకం, ఫోను, మంచి టార్చిలైటు
- మీ సగం రోజు

చివరిదే అందరూ ఎగ్గొట్టేది.

1. తనిఖీకి చోటు ఉంచుతూ ఒప్పందం రాయించండి

వెనక్కి రాని సొమ్ము చెల్లించాక చేయించే తనిఖీ వల్ల తెలిసేది ఎంత నష్టపోయారో మాత్రమే. కాబట్టి పెద్ద మొత్తం చేతులు మారకముందే ఒప్పందంలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఎన్ని రోజుల్లోగా తనిఖీ చేయించుకోవచ్చు, ఎవరితో చేయించుకోవచ్చు (ఎంపిక మీదే అని రాయాలి), తీవ్రమైన లోపం బయటపడితే ఏం జరుగుతుంది. ఈ మూడోదాన్ని గాలికి వదిలేస్తారు. 'తనిఖీకి లోబడి' అన్న రెండు మాటలు రాసి ఊరుకుంటే వాటికి తలా ఒక అర్థం చెబుతారు. ఇచ్చిన అడ్వాన్సు తిరిగి వస్తుందా, ధర మళ్లీ మాట్లాడుకోవచ్చా అన్నది విడమరచి రాయించండి.

గడువు పెట్టేటప్పుడు ఒక్క తనిఖీకి సరిపడా రోజులు చాలవు. మొదటి తనిఖీలో అనుమానం తలెత్తితే మరో నిపుణుడిని పిలవాలి, మరమ్మతు ఖర్చుకు అంచనాలు తెప్పించుకోవాలి. వీటన్నిటికీ కలిపి రోజులు అడగండి.

అమ్మేవారు షరతుకు ఒప్పుకోకపోతే: ఏమీ చెల్లించకముందే, మీ ఖర్చుతోనే తనిఖీ చేయించుకుంటానని అడగండి. బేరం చెడితే ఆ రుసుము పోతుంది, అంతే. తనిఖీకే ససేమిరా అంటే నేనైతే ఆ ఇంటి సంగతి వదిలేస్తాను. 'మేమే చేయించాం, ఇదిగో రిపోర్టు' అంటే తీసుకుని చదవండి, ఉపయోగపడుతుంది. కానీ దానితో సరిపెట్టుకోకండి. ఆ ఇన్‌స్పెక్టర్ జవాబుదారీ ఎవరికంటే, తనకు డబ్బిచ్చిన వారికి.

2. ఇన్‌స్పెక్టర్‌ను మీరే వెతుక్కోండి

మధ్యవర్తి చెప్పిన పేరును పక్కన పెట్టండి. ఆయన చెడ్డవాడని కాదు. బేరం కుదిరితేనే మధ్యవర్తికి కమిషన్, మధ్యవర్తి పిలిస్తేనే ఆ ఇన్‌స్పెక్టర్‌కు మళ్లీ పని. ఈ గొలుసులో మీ ప్రయోజనం ఎక్కడా లేదు.

కొన్నిచోట్ల ఇంటి తనిఖీకి లైసెన్సు తప్పనిసరి, కొన్నిచోట్ల అలాంటి నియమమే లేదు. లైసెన్సు ఉన్నచోట దాన్ని సరిచూసుకోండి. లేనిచోట నివాస భవనాల్లో అనుభవమున్న సివిల్ ఇంజినీరు మంచి ఎంపిక. ఫోన్లో ఈ ప్రశ్నలు అడగండి:

- ఇలాంటి ఇళ్లు (అపార్ట్‌మెంటా, విడి ఇల్లా, పాతదా, కొత్తదా) ఇంతకు ముందు చూశారా?
- తనిఖీకి ఎంతసేపు పడుతుంది? ఓ మోస్తరు ఇంటికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ముప్పావు గంటలో ముగిస్తాననేవారికి నమస్కారం పెట్టేయండి.
- నేను వెంట ఉండవచ్చా? వద్దంటే ఇంకొకరిని చూసుకోండి.
- పేర్లు తీసేసిన పాత రిపోర్టు ఒకటి నమూనాగా పంపగలరా?
- మీరు మరమ్మతు పనులు కూడా చేస్తారా?
- మీ పొరపాటు వల్ల నాకు నష్టం వస్తే మీకు వృత్తిపరమైన బీమా ఉందా? మీ బాధ్యతకు పరిమితి ఎంత?

మరమ్మతులు కూడా చేసే మనిషికి లోపాలు ఎక్కువగా కనబడటం సహజం. తనిఖీ చేసేవారు, మరమ్మతు చేసేవారు వేరువేరుగా ఉండాలి. ఇక నమూనా రిపోర్టు చూస్తే ఆయన పనితనం సగం తెలిసిపోతుంది. ఫొటో, చోటు, కారణం, తీవ్రత, తర్వాత చేయవలసిన పని ఉన్నాయా? లేక 'బాగుంది', 'ఫరవాలేదు' అని టిక్కులు పెట్టుకుంటూ పోయారా? రుసుము అన్నిటికంటే చివర అడగండి. ఇంటి ధర ముందు ఇద్దరు ఇన్‌స్పెక్టర్ల రుసుముల మధ్య తేడా ఎంత?

3. ఏం చూస్తారో, ఏం చూడరో రాతలో తీసుకోండి

మామూలు తనిఖీ కంటికి కనిపించే దానికే పరిమితం. ఇన్‌స్పెక్టర్ గోడ పగలగొట్టడు, టైలు ఎత్తడు, బీరువా జరపడు. గోడలో పాతిన పైపులు, నేల కింది మురుగు లైను, స్లాబులోని ఇనుము ఆయనకూ కనబడవు. అందుకే అదనపు పరీక్షలు ఉంటాయి. అన్నీ చేయించనక్కర్లేదు, ఇంటిని బట్టి ఎంచుకోండి.

పాత ఇల్లు, చుట్టూ పెద్ద చెట్లు ఉంటే మురుగు పైపులోకి కెమెరా పంపించడం మంచిది. పైపు అతుకుల్లోంచి వేళ్లు లోపలికి దూరుతాయి. చెక్క ఎక్కువగా వాడిన ఇంటికి చెదల తనిఖీ ఉండాలి. వైరింగు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌తో పరికరాల సాయంతో పరీక్షలు చేయించాలి. పిల్లర్లు, బీముల్లో తుప్పు జాడ ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరు (కట్టడం బలాన్ని లెక్కగట్టే నిపుణుడు) రావాలి. పాత రంగుల్లో సీసం, పాత పైకప్పు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. వీటిని ప్రయోగశాలే తేల్చాలి. హెచ్చరిక: నమూనా కోసం మీరే గీకడం, విరగ్గొట్టడం చేయకండి. ఆ దుమ్మే ప్రమాదం.

రాతి నేలలున్న కొన్ని ప్రాంతాల్లో రేడాన్ అనే హానికర రేడియోధార్మిక వాయువు నేలలోంచి ఇంట్లోకి చేరుతుంది. రంగు, వాసన లేవు కాబట్టి పరికరం పెడితే తప్ప తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మేర ఇంట్లో ఇది ఘనపు మీటరుకు 100 బెకరెల్‌లు (రేడియోధార్మికతకు కొలమానం) దాటకూడదు. మీ ప్రాంతంలో ఈ సమస్య ఉందో లేదో ఇన్‌స్పెక్టర్‌నే అడగండి, లేకపోతే ఆ ఖర్చు అనవసరం.

4. ఇల్లు చూడటానికి వీలుగా ఉండేలా చూడండి

చూడలేకపోయిన చోట్లు సగం ఇక్కడే పుడతాయి. కరెంటు తీసేసిన ఇంట్లో స్విచ్చులు పరీక్షించలేరు. ట్యాంకు ఖాళీగా ఉంటే పైపుల సంగతి తెలియదు. మేడ తాళం 'ఊళ్లో లేని బావగారి' దగ్గర ఉంటే పైకప్పు చూడనట్లే. ముందు రోజు అమ్మేవారికి ఫోను చేసి ఒక్కొక్కటీ అడగండి. గోడలకు ఆనించిన సామాను అడుగున్నర ముందుకు జరపమనండి, సింకు కింది అరలు ఖాళీ చేయమనండి.

తనిఖీ పగటి వెలుతురులోనే జరగాలి. వీలైతే మంచి వాన కురిసిన మర్నాడు పెట్టుకోండి. ఆ ఒక్క వాన చాలా పరికరాలు చెప్పలేనిది చెబుతుంది.

మరో మాట. తనిఖీకి ముందు రంగులు వేయించవద్దని మర్యాదగా చెప్పండి. గది మొత్తానికీ కాక, పైకప్పులో ఒక మూలకో, గోడ అడుగు భాగానికో మాత్రమే కొత్త రంగు కనబడితే అక్కడ ఏదో దాగి ఉందనుకోవాలి. ఆ చోటును ఇన్‌స్పెక్టర్‌కు వేలితో చూపించండి.

5. తనిఖీ జరుగుతుండగా వెంట ఉండండి

రిపోర్టులో 'తూర్పు గోడపై పగులు' అని ఒక వాక్యం ఉంటుంది. అదే పగులు ముందు నిలబడి ఇన్‌స్పెక్టర్ మాట్లాడే పది వాక్యాలు కాగితం మీదికి ఎక్కవు. అలాగని ఆయన పని చేస్తుంటే ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేయకండి. ఒక్కో భాగం ముగిశాక ఆగి అడగండి: ఇది ఎందుకు వచ్చింది? ఇంకా పెరుగుతుందా? ఇప్పుడు వదిలేస్తే ఏమవుతుంది? మీరైతే ముందుగా దేన్ని బాగు చేయిస్తారు? అమ్మేవారు, మధ్యవర్తి పక్కనే ఉంటే అభిప్రాయాలు అడగకండి. వారు లేనప్పుడు మాట్లాడండి.

ఆయన ఏం చూస్తున్నారో మీకు అర్థం కావాలంటే ఈ కాస్త తెలిసి ఉండాలి.

*ఇంటి చుట్టూ.* నేల వాలు ఇంటికి దూరంగా పోవాలి. వాన నీరు గోడ వైపే వస్తుంటే లోపల కనబడే చెమ్మకు కారణం బయటే ఉన్నట్టు. ముందు ఇది చూశాకే లోపలికి వెళ్లడం మంచి ఇన్‌స్పెక్టర్ లక్షణం.

*పగుళ్లు.* కొనేవారు ఎక్కువగా హడలిపోయేదీ, ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. ప్లాస్టరింగు మీద వెంట్రుకలా సాగిన, ఒక మిల్లీమీటరు లోపు పగుళ్లు సాధారణంగా సిమెంటు ఆరేటప్పుడు వచ్చినవి. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే సన్నని గీత కూడా చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఎండకు, చలికి రెండు పదార్థాలూ ఒకేలా సాగవు, ముడుచుకోవు కాబట్టి అతుకు దగ్గర విడిపోతాయి. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా పాకినవి, ఇటుకల వరుసల వెంట మెట్లుమెట్లుగా దిగినవి, ఒకవైపు సన్నగా మొదలై మరోవైపు వెడల్పయినవి వేరు. అవి పునాది ఒకపక్క కుంగుతోందనడానికి సూచన కావచ్చు. 5 మిల్లీమీటర్లు దాటిన పగులు దేన్నయినా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి.

వెడల్పు కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: పగులు ఆగిందా, సాగుతోందా? అంచుల్లో దుమ్ము, పాత రంగు చేరి ఉంటే పాతది. అంచులు పదునుగా, శుభ్రంగా ఉంటే కొత్తది. పూడ్చిన చోటే మళ్లీ విచ్చుకుంటే ఇంకా కదులుతోందని అర్థం. దీన్ని ఖాయంగా తేల్చడానికి గుర్తులు పెట్టి నెలల తరబడి కొలవాలి. ఒక్కసారి చూసి 'ఏం ఫరవాలేదు, ఆగిపోయింది' అని ఢంకా బజాయించే వారిని నమ్మకండి.

*కాంక్రీటులో తుప్పు.* పిల్లరు, బీము, స్లాబు అడుగున ఇనుప చువ్వల వెంబడే పగులు సాగినా, గోధుమరంగు మరకలు కనిపించినా, పెచ్చులు ఊడి చువ్వ బయటపడినా తేలిగ్గా తీసుకోవద్దు. తుప్పు పట్టిన ఇనుము మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, లోపలి నుంచి కాంక్రీటును తన్నేస్తుంది. పైన సిమెంటు మెత్తి రంగు వేస్తే అది ఆగదు. బాల్కనీ అడుగు భాగం, ట్యాంకు కింది స్లాబు, స్నానాల గది పైకప్పు తప్పకుండా చూడాలి.

కొందరు ఇక్కడ రీబౌండ్ సుత్తితో కొట్టి అంకె చెబుతారు. అది కాంక్రీటు పైపొర గట్టిదనాన్నే కొలుస్తుంది. పాత కాంక్రీటులో గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ చేరి పైపొర మరింత గట్టిపడుతుంది కాబట్టి అంకె అసలు బలం కంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ ఒక్క పరీక్షతో తృప్తి పడకండి. అల్ట్రాసౌండ్ పరీక్ష, కోర్ నమూనా (కాంక్రీటును తొలిచి తీసే ముక్క) వంటివి అవసరమా అని అడగండి. అప్పుడే పగలగొట్టిన ముక్క మీద ఫినాప్తలీన్ ద్రావణం చల్లితే గులాబీ రంగు వచ్చిన చోట కాంక్రీటు ఇంకా ఇనుమును కాపాడుతోంది. రంగు రాని పొర చువ్వ దాకా చేరితే ఆ రక్షణ పోయినట్టే.

*చెమ్మ.* నేల నుంచి పైకి పాకే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తులోపే ఆగుతుంది, అక్కడ ఒక మరక గీత, తెల్లని ఉప్పు పొర మిగులుతాయి. పైకప్పు దగ్గర మరక ఉంటే పైనుంచి కారుతున్నది. గాలి ఆడని చల్లని మూలల్లో నల్లని బూజు కట్టడం వేరే జబ్బు, అది లోపలి ఆవిరి చల్లబడి నీరుగా మారి వచ్చిన తడి. మూడింటికీ మందు వేరు. కారణం చెప్పకుండా 'చెమ్మ ఉంది, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి' అని రాస్తే ఆగి అడగండి.

చెమ్మ మీటరు చూపే శాతాలను కూడా ఆచితూచి తీసుకోవాలి. ఆ మీటర్లలో చాలావరకు చెక్క కోసం సరిదిద్దినవి. గోడ మీద అవి ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్న తేడాను మాత్రమే చూపగలవు. గోడలో ఉప్పు చేరినా అంకె పెరుగుతుంది. థర్మల్ కెమెరా కూడా అంతే, దానికి కనబడేది ఉపరితలం మీది వేడి, చలి. నీలంగా కనిపించిన ప్రతిచోటా తడి ఉండదు, మీటరుతో రూఢి చేసుకోవాలి.

*మేడ, స్నానాల గదులు.* వాన వెలిసిన 48 గంటల తర్వాత కూడా చదును పైకప్పు మీద నీరు నిలిచి ఉంటే వాలు సరిగ్గా లేదు. స్నానాల గది అనుమానాస్పదంగా ఉంటే, నీరు పోయే దారి మూసి రెండు, మూడు సెంటీమీటర్ల ఎత్తు నీరు నింపి 24 గంటలు ఉంచి, కింది గది పైకప్పు చూడవచ్చు. హెచ్చరిక: అమ్మేవారి అనుమతి, కింద వేరే కుటుంబం ఉంటే వారి అనుమతి లేకుండా ఇది చేయకండి. కారితే ఆ నష్టం మీ మెడకు చుట్టుకుంటుంది.

*కరెంటు.* మూడు రంధ్రాల సాకెట్టు కనబడగానే ఎర్తింగు ఉందనుకోవద్దు. వెనుక వైరు కలపకుండా వదిలేసిన సాకెట్లు తక్కువేం కాదు. పరికరం పెట్టి చూడాలి. కరెంటు లీకైతే సరఫరా తెంచి షాకు నుంచి మనుషులను కాపాడే స్విచ్చు, ఆర్‌సీసీబీ 30 మిల్లీయాంపియర్లది ఉందా అని అడగండి. దాని మీది టెస్టు బటను నొక్కితే పడిపోవాలి. అయితే ఆ బటను లోపలి యంత్రాంగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఇంటి ఎర్తింగు గురించి ఏమీ చెప్పదు. హెచ్చరిక: మెయిన్ బోర్డు మూత మీరు తీయకండి.

*నీళ్లు.* ఇన్‌స్పెక్టర్ మరచిపోతే మీరే గుర్తుచేయగల సులువైన పరీక్షలివి. కుళాయిలన్నీ కట్టేసి మీటరు అంకె రాసుకోండి, తనిఖీ ముగిసేసరికి అది కదిలితే ఎక్కడో దాగిన లీకు ఉంది. మీటరు లేకపోతే ట్యాంకులోకి వచ్చే నీటిని ఆపి, మట్టం దగ్గర గుర్తు పెట్టి చూడండి. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు వేసి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఆగండి. ఆ రంగు కింది గిన్నెలో తేలితే లోపలి వాల్వు కారుతున్నట్టు. రెండు మూడు కుళాయిలు ఒకేసారి తిప్పి ధార ఎంత పడిపోతుందో చూడండి. ఒకచోట నీళ్లు వదిలితే మరోచోట జాలీలోంచి గుడగుడమని శబ్దం వస్తే మురుగు లైనులో అడ్డంకి గానీ, గాలి పైపు లోపం గానీ ఉంది.

*చెక్క.* ద్వారబంధాల అడుగున, గోడ మూలల్లో మట్టి గొట్టాల్లాంటి చారలు చెదల దారులు. వేలి కణుపుతో తడితే బోలుగా మోగే చెక్క లోపల తినేసి ఉంటుంది.

తనిఖీ ముగిశాక ఇన్‌స్పెక్టర్‌ను ఒక్కటి తప్పకుండా అడగండి: 'ఈరోజు మీరు చూడలేకపోయినవి ఏవి?' చెప్పినవన్నీ అక్కడికక్కడే రాసుకోండి.

6. రిపోర్టును చివరి నుంచి చదవండి

రిపోర్టు చేతికి రాగానే ఫొటోల కోసం పేజీలు తిప్పకండి. ముందు పరిమితులు, మినహాయింపులు రాసిన పేజీకి వెళ్లండి. చూడలేదని రాసిన ప్రతి అంశాన్నీ ఒక జాబితాగా రాసి, ఒక్కోదాని పక్కన మూడింటిలో ఒకటి పెట్టండి: మళ్లీ వచ్చి చూడాలి, వేరే నిపుణుడు చూడాలి, తెలిసే వదిలేస్తున్నాను. మూడోది రాయడం తప్పేం కాదు, కానీ రాసి ఉంచండి.

తర్వాత లోపాలను వేరు చేయండి. ప్రాణానికి ప్రమాదం కలిగించేవి, కట్టడాన్ని దెబ్బతీసేవి, నీరు లోపలికి రానిచ్చేవి ఒకవైపు. తలుపు గడియ బిగుసుకుపోవడం, టైలు విరగడం లాంటివన్నీ ఇంకోవైపు. రిపోర్టులో ఈ రెండో రకమే సంఖ్యలో ఎక్కువగా ఉంటుంది, అది చూసి బెదిరిపోతారు. ఎన్ని లోపాలు ఉన్నాయని లెక్కపెట్టడం వల్ల ఏమీ తెలియదు. యాభై చిన్న లోపాలున్న ఇల్లు నిశ్చింతగా కొనవచ్చు, ఒకే ఒక్క కుంగిన పునాది ఉన్న ఇల్లు కొనకూడదు.

రిపోర్టు నాణ్యతను ఇలా సరిచూసుకోండి:

- మీరు కళ్లారా చూసిన మూడు నాలుగు లోపాలు అందులో ఉన్నాయా? లేకపోతే మీరు చూడనివి ఇంకెన్ని జారిపోయాయో అడగండి.
- ప్రతి లోపానికీ ఫొటో, ఏ గది, ఏ గోడ అన్న వివరం ఉందా?
- 'పర్యవేక్షించాలి' అని రాసినచోట ఏమిటి, ఎలా, ఎంతకాలం అని ఉందా?
- 'నిపుణుడిని సంప్రదించండి' అన్న వాక్యం ప్రతి పేజీలో ఉందా? ఒకటి రెండు చోట్ల అది నిజాయితీ, అన్నిచోట్లా అయితే బాధ్యత తప్పించుకోవడం.
- ఇంకో ఇంటి రిపోర్టులోంచి ఎత్తి అతికించిన వాక్యాలు దొరికాయా? లేని మెట్ల గురించి, లేని గ్యారేజీ గురించి రాసి ఉంటే అదే సంగతి.

సందేహం ఉన్నచోట ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ప్రశ్నలు పంపండి. జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

7. లోపాలను డబ్బులోకి మార్చండి

'గోడకు చెమ్మ ఉంది' అంటే అమ్మేవారు నవ్వి ఊరుకుంటారు. ఆ చెమ్మ బాగుచేయడానికి ఇద్దరు వేరువేరు పనివారు రాసిచ్చిన అంచనాలు ముందుంచితే మాట వేరుగా ఉంటుంది. పెద్ద లోపాలకు మాత్రమే అంచనాలు తెప్పించండి. కుళాయి వాషర్ల దాకా జాబితా చదివితే మీ అసలు వాదన పలచబడుతుంది.

అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. అమ్మేవారే బాగు చేయించి ఇవ్వడం, ధర తగ్గించుకోవడం, పని పూర్తయ్యేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచడం. నా ఓటు ధర తగ్గించుకోవడానికే. ఇల్లు వదిలి వెళ్లిపోయేవారు మరమ్మతును వీలైనంత చవగ్గా, వీలైనంత తొందరగా ముగించాలనుకుంటారు. అందులో వారి తప్పేమీ లేదు, కానీ ఆ పని ఫలితంతో బతకవలసింది మీరు. చేతిలో నగదు తక్కువగా ఉండి, రుణం ఇచ్చే బ్యాంకు కూడా పని ముందే పూర్తి కావాలని పట్టుబడితే మొదటి దారి తప్పదు. అలాంటప్పుడు ఏ పని, ఏ సామగ్రితో, ఎప్పటిలోగా, ఎవరు సరిచూస్తారు అన్నవి ఒప్పందంలో చేర్చండి.

కారణం తేలని పునాది కదలిక, విస్తరించిన తుప్పు, ఎవరూ చూడనివ్వని భాగం, ఈ మూడింటిలో ఏది ఉన్నా ధర తగ్గింపుతో రాజీ పడకండి. ఖర్చు ఎంతో తెలియనప్పుడు ఎంత తగ్గిస్తే చాలు అన్న లెక్కకు అర్థం లేదు. గడువులోగా నిపుణుడితో తేల్చుకోండి, తేలకపోతే షరతును వాడుకుని బయటకు రండి. అప్పటికే పెట్టిన ఖర్చు చూసుకుని ముందుకు వెళ్లేవారు చాలామంది.

తరచూ జరిగే పొరపాట్లు మరికొన్ని

కొత్త ఇల్లు కదా, దీనికెందుకు తనిఖీ అనుకోవడం. కొత్త ఇంట్లో లోపాలు ఇంకా బయటకు రాలేదంతే. వాలు లేని స్నానాల గది, కలపని ఎర్తు వైరు, సిమెంటు ముద్దలతో మూసుకుపోయిన డ్రైను మొదటి రోజే ఉంటాయి. కట్టినవారి బాధ్యత గడువు ముగియకముందే రెండోసారి తనిఖీ చేయించడం ఇంకా మంచిది.

అపార్ట్‌మెంటు కొంటూ ఫ్లాటు గోడల దాకానే చూడటం. మేడ, మెట్లు, లిఫ్టు, సెల్లారులోని పిల్లర్లు, నీటి ట్యాంకులు అందరివీ అంటే వాటి మరమ్మతు ఖర్చులో మీకూ వాటా ఉంటుందని. ఇన్‌స్పెక్టర్‌ను సెల్లారుకు తీసుకువెళ్లండి. నివాసుల సంఘం ఇటీవలి సమావేశాల్లో ఏ మరమ్మతుల గురించి చర్చించిందో అడగండి, అసలు విషయాలు అక్కడే దొరుకుతాయి.

తెలిసిన మేస్త్రీని తీసుకువెళ్లి సరిపెట్టడం. అనుభవమున్న మేస్త్రీ కన్ను చురుకైనదే, మొదటిసారి ఇల్లు చూసేటప్పుడు వెంట తీసుకువెళ్లండి. కానీ రాసిచ్చిన రిపోర్టు లేకుండా బేరం ఆడలేరు, రేపు ఎవరినీ ప్రశ్నించలేరు.

8. మరమ్మతుల తర్వాత, సొమ్ము చెల్లించే ముందు మళ్లీ చూడండి

అమ్మేవారు బాగు చేయించిన ప్రతి పనినీ అదే ఇన్‌స్పెక్టర్‌కు మళ్లీ చూపించండి. ఈసారి రుసుము తక్కువే ఉంటుంది. బిల్లులు, గ్యారంటీ కాగితాలు మీ పేరుకు మారతాయో లేదో అడగండి. చెమ్మకు మరమ్మతు చేశామంటే రంగు వేయకముందే చూడాలి, వేశాక చూడటం వల్ల ఫలితం లేదు.

ఇక మిగిలిన సొమ్ము చెల్లించే ముందు, సామాను ఖాళీ అయ్యాక, రిపోర్టు చేత పట్టుకుని మీరే ఒకసారి ఇల్లంతా తిరగండి. బీరువాల వెనుక గోడలు మీకు మొదటిసారి కనిపించేది ఇప్పుడే. కుళాయిలు, ఫ్లష్‌లు, స్విచ్చులు అన్నీ ఒకసారి నొక్కి చూడండి. ఒప్పందంలో ఉన్న ఫ్యాన్లు, గీజర్లు ఇంకా గోడకే ఉన్నాయో లేదో చూడండి. ఆరో దశలో రాసుకున్న 'చూడలేకపోయినవి' జాబితాలో ఇప్పుడు చూడగలిగేవన్నీ చూసి కొట్టేయండి. కొత్తగా ఏదైనా కనబడితే ఫొటో తీసి, చెల్లింపు ఆపి, అదే రోజు అమ్మేవారికి రాతపూర్వకంగా తెలియజేయండి.